సంతకం లేని తీర్పు

మాటకు శిక్ష ఉండవచ్చునా అన్న ప్రశ్న చాలా పాతది. ఫలానావాళ్ళని చంపండి అని ఉసిగొల్పే మాటకు శిక్ష ఉండాలని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ప్రభుత్వాన్ని విమర్శించే మాటకు, ఆచారాన్ని ప్రశ్నించే మాటకు శిక్ష కూడదని కూడా చాలామంది ఒప్పుకుంటారు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే వాదం. ఆ వాదం మన కాలంలో ఇంకో మలుపు తిరిగింది. ఇప్పుడు గీత ఎక్కడ అన్నదానికన్నా గీసేవాడెవడన్నది పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ లాంటి వేదికల మీద హింసను నూరిపోసే రాతల్ని, దృశ్యాల్ని ఎవరు ఆపాలి? ప్రభుత్వమా? కంపెనీయా? కంపెనీ పెట్టుకున్న యంత్రమా?

నేను తత్వశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. పాసై బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్ళుగా ఇతరుల సొమ్ముకు లెక్క చెబుతున్నవాణ్ణి. అయినా ఈ విషయంలో నాలుగు మాటలు రాయడానికి సాహసిస్తున్నానంటే అందుకు కారణాలున్నాయి. ఈ పత్రిక చదివే మనమందరం, ఉంటున్న చోట తక్కువమందిమి. విద్వేషం రేగితే ముందు దెబ్బ తగిలేది తక్కువమందికే. ఆ విద్వేషాన్ని ఆపబోయి చేసే పొరపాట్లలో ముందు నలిగేదీ వాళ్ళే. కనక ఈ చర్చ మనకు దూరపు చర్చ కాదు. ఇక రెండోది నా వృత్తికి సంబంధించినది. బ్యాంకు కూడా ఒక మధ్యవర్తే. మంచివాడి డబ్బూ, చెడ్డవాడి డబ్బూ దాని గుండానే పోతాయి. మధ్యవర్తి బాధ్యత ఎంతవరకు అన్నది మాకు రోజూ ఎదురయ్యే సంగతి.

ముందు తేలికైన లెక్క చూద్దాం. 2019 మార్చి 15న న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఒక జాత్యహంకారి రెండు మసీదుల మీద కాల్పులు జరిపి 51 మంది ప్రాణాలు తీశాడు. తలకు కెమెరా కట్టుకుని ఆ ఘోరాన్ని 17 నిమిషాలపాటు ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేశాడు. ప్రసారం జరుగుతుండగా చూసినవాళ్ళు 200 మంది కూడా లేరని, వాళ్ళలో ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదని, మొదటి ఫిర్యాదు ప్రసారం మొదలైన 29 నిమిషాలకు వచ్చిందని కంపెనీ తరవాత ప్రకటించింది. ఆ తరవాతి 24 గంటల్లో ఆ దృశ్యం తాలూకు 15 లక్షల నకళ్ళను తొలగించవలసి వచ్చింది. 12 లక్షలకు పైగా ఎక్కించేటప్పుడే ఆగిపోయాయి. తక్కినవి లోపలికి చేరిన తరవాత తీశారు. రెండు నెలలకు, మే 15న, న్యూజిలాండు ప్రధాని జసిండా ఆర్డర్న్, ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ కలిసి పారిస్‌లో ప్రభుత్వాలనూ కంపెనీలనూ కూర్చోబెట్టి ‘క్రైస్ట్‌చర్చ్ పిలుపు’ అనే ఒప్పందం చేయించారు. మన దేశం కూడా అందులో చేరింది.

ఇందులో వాదించవలసింది ఏమీ లేదు. హత్యను వేడుకగా చూపించే దృశ్యం ఎవరి భావస్వాతంత్ర్యంలోకీ రాదు. దాన్ని ఆపడానికి భాష తెలియనక్కర్లేదు, చరిత్ర తెలియనక్కర్లేదు. కాని లోకంలో విద్వేషం చాలావరకు తుపాకి పట్టుకుని కెమెరా ముందుకు రాదు. అది మాటల్లో వస్తుంది. ఆ మాటలు ఏదో ఒక భాషలో ఉంటాయి.

భాష అనగానే బర్మా సంగతి చెప్పాలి. మన పెద్దలకు అది రంగూను. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగు కూలీలు అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. అక్కడ తెలుగువాళ్ళకు కోరంగీలన్న పేరే స్థిరపడింది. యానాం పక్కనున్న ఆ పాత రేవు పేరే సముద్రం దాటి ఒక జాతి పేరయింది. బర్మా భాషలో ‘కలా’ అని మరో మాట ఉంది. తెలుగువాడైనా, తమిళుడైనా, బెంగాలీ అయినా పడమటి నుంచి వచ్చిన పరాయివాణ్ణి ఆ మాటతోనే పిలిచేవారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ చోట బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిసి పాతవాళ్ళను తిరిగి తీసుకోగానే పని పోయిన బర్మా కూలీలకూ మనవాళ్ళకూ కొట్లాట రేగింది. అది ఊరంతా పాకి వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది మనవాళ్ళే. మళ్ళీ 1938లో, ఎప్పుడో అచ్చయిన ఒక పుస్తకంలో బుద్ధుణ్ణి కించపరిచారంటూ అల్లర్లు రేగాయి. ఆ పుస్తకంలోని భాగాలను పత్రికలు పైకి తీసి మంట పెంచాయి. తరవాత విచారణ జరిపిన సంఘం ఆ పత్రికల రాతలను తప్పుపట్టింది. అలా తప్పుపట్టడం సాధ్యమైందంటే పత్రికకు ఒక సంపాదకుడు, ఒక అచ్చాఫీసు, ఒక చిరునామా ఉండబట్టి. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

కాలం మారింది. మనవాళ్ళు చాలామంది తిరిగి వచ్చేశారు. ఆ మాట మాత్రం పోలేదు. ఈసారి అది ముఖ్యంగా ముస్లింల మీద, అందులోనూ రొహింగ్యాల మీద పడింది. దాన్ని మోసిన కాగితం మాత్రం వేరు. మయన్మార్‌లో ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్కే అన్నంతగా అది వ్యాపించిన రోజులవి. 2015 మొదట్లో ఆ కంపెనీకి బర్మా భాష చదివి తప్పొప్పులు చూసే మనుషులు ఇద్దరే ఉన్నారని 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. 2017 ఆగస్టు 25 తరవాత సైన్యం సాగించిన దాడులకు ఏడు లక్షల మందికి పైగా రొహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఐక్యరాజ్యసమితి పంపిన నిజనిర్ధారణ బృందం 2018లో తన నివేదికలో, విద్వేషం పంచదలచినవాళ్ళకు ఫేస్‌బుక్ బాగా అక్కరకొచ్చిందనీ, కంపెనీ స్పందన నెమ్మదిగా, ఫలితం లేకుండా సాగిందనీ రాసింది. సైన్యాధిపతి మిన్ ఆంగ్ లయింగ్‌తో సహా 20 మంది వ్యక్తుల్ని, సంస్థల్ని కంపెనీ తన వేదిక నుంచి తీసేసింది 2018 ఆగస్టులో. అప్పటికి ఊళ్ళు కాలి ఏడాది అయింది.

ఆ రోజుల్లో యంత్రం చేసిన రెండు పనులు చెబితే విషయం తేటపడుతుంది. మయన్మార్‌లో కనిపించిన ‘కలా’లందరినీ చంపాలి, ఒక్కణ్ణీ మిగల్చకూడదు అని ఒకడు రాశాడు. కంపెనీ అనువాద యంత్రం దాన్ని ఇంగ్లీషులోకి తిప్పితే, మయన్మార్‌లో నాకు ఇంద్రధనుస్సు ఉండకూడదు అన్న అర్థం వచ్చింది. చంపమన్న మాట ఇంద్రధనుస్సయి తప్పించుకుపోయింది. ఇంకో వైపు, 2017లో ఆ ‘కలా’ అన్న మాటనే కంపెనీ నిషేధించింది. బర్మా భాషలో ఒక రకం పప్పు పేరులో ఆ అక్షరాలున్నాయి. కుర్చీ పేరులోనూ ఉన్నాయి. పప్పు గురించి రాసినవాళ్ళ రాతలు పోయాయి. ఆ మాటను వాడకండి, అది విద్వేషం అని బుద్ధి చెప్పినవాళ్ళ రాతలూ పోయాయి.

దొంగను వదిలి దారినపోయేవాణ్ణి పట్టుకోవడం అంటే ఇదే. ఈ రెండు తప్పులూ ఒకే చోట నుంచి పుట్టాయని గమనించాలి. తీర్పు చెప్పే చోట ఆ భాష తెలిసిన మనిషి లేడు.

ఇప్పుడు కంపెనీల వాదన చూద్దాం. మేము గోడ మాత్రమే, రాసింది ఎవరో, రాసినవాణ్ణి అడగండి అన్నది వాళ్ళ మొదటి జవాబు. చట్టాలు కూడా చాలావరకు ఈ జవాబును ఒప్పుకున్నాయి. అమెరికాలో 1996 నాటి చట్టం, మన దేశంలో ఐ.టి. చట్టంలోని 79వ సెక్షన్ మధ్యవర్తికి ఇటువంటి రక్షణే ఇచ్చాయి. మనది షరతులతో కూడిన రక్షణ.

బ్యాంకువాడిగా నాకు ఈ వాదన సగమే నచ్చుతుంది. నిజమే, ఖాతాదారు చేసిన నేరానికి బ్యాంకు నేరస్థుడు కాదు. కాని 2002లో చేసిన మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2005 జూలైలో అమల్లోకి వచ్చినప్పటి నుంచీ, మేము గోడలం అని చెప్పి తప్పుకునే వీలు మాకు లేదు. వచ్చినవాడెవడో తెలుసుకోవాలి. 10 లక్షల రూపాయలు దాటిన నగదు లావాదేవీలను పైకి నివేదించాలి. అనుమానం కలిగితే మొత్తం ఎంతైనా సరే ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు రాయాలి. కాగితాలు ఐదేళ్ళు దాచాలి. అంతవరకే. వాడు దొంగ అని తేల్చే పని మాది కాదు, శిక్షించే పని అసలే కాదు. మధ్యవర్తికి కళ్ళు మూసుకునే హక్కు లేదు, అలాగని న్యాయమూర్తి కుర్చీలో కూర్చునే హక్కూ లేదు. మధ్యవర్తి ధర్మం ఈ రెండింటి నడుమ ఉందని నా అభిప్రాయం.

పైగా ఈ వేదికలు నిజంగా గోడలేనా? గోడ తన మీద రాసినదాన్ని మోసుకుని ఇంటింటికీ తిరగదు. ఫేస్‌బుక్ కంపెనీలో 2016లో లోపలివాళ్ళకోసం తయారైన ఒక నివేదిక సంగతి 2020లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక రాసింది. తీవ్రవాద బృందాల్లో చేరినవాళ్ళలో 64 శాతం, కంపెనీ యంత్రం ‘ఇదిగో, ఈ బృందం మీకు నచ్చవచ్చు’ అని సిఫారసు చేస్తే చేరినవాళ్ళేనని ఆ నివేదికలో ఉంది. అంటే వీళ్ళు ఉత్తరం అందించే పోస్టుమాన్‌లు కారు. ఉత్తరం విప్పి చదివి, ఏది చదివితే జనం ఎక్కువసేపు కూర్చుంటారో చూసి, దాన్ని మైకు పెట్టి చదివేవాళ్ళు. కోపం, భయం మనిషిని ఎక్కువసేపు కూర్చోబెడతాయి. కూర్చున్నంతసేపూ ప్రకటనల మీద రాబడి. లాభం తీసుకునేవాడు నష్టంలో వాటా తీసుకోనంటే ఏ లెక్కల పద్ధతీ ఒప్పుకోదు.

ఇక్కడ ఒక తేడా పాటించాలి. మాట్లాడే హక్కు ఒకటి, మైకు దొరికే హక్కు ఇంకొకటి. మొదటిది మన రాజ్యాంగం పూచీపడిన హక్కు. రెండోది ఎవరికీ హక్కు కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకార్లు వాట్సాప్‌లో దేశమంతా పాకాయి. ఆ జూలై 1న మహారాష్ట్రలో ధూళే జిల్లా రైన్‌పాడలో భిక్షాటనకు వచ్చిన సంచారజాతివాళ్ళు ఐదుగురిని జనం కొట్టి చంపారు. అదే నెలలో బీదరు జిల్లాలో, హైదరాబాదు నుంచి స్నేహితులతో కారులో వచ్చిన ఒక యువకుణ్ణి చంపారు. పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే వాళ్ళు చేసిన నేరం. ఎక్కడ చూసినా చనిపోయింది పై ఊరివాడే. ఆ నెలలోనే కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపేట్టు చేసింది. అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని ప్రకటించుకుంది. ఈ పనిలో ఎవరి నోరూ మూయలేదు. ఎవరి రాతా చెరపలేదు. గొంతు పెంచే మరను కొంచెం తగ్గించారు, అంతే. తొలగించడానికి ముందు ఈ దారి చూడాలి.

కంపెనీని నమ్మలేం సరే, ప్రభుత్వానికే వదిలేద్దామా అంటే ఆ అనుభవమూ మనకుంది. ఐ.టి. చట్టంలో 66ఎ అని ఒక సెక్షన్ ఉండేది. చిరాకు కలిగించే సందేశం పంపడం కూడా దాని కింద నేరమే. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబయి బందును ప్రశ్నిస్తూ పాల్‌ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. ఇంకో అమ్మాయి దాన్ని మెచ్చుకుంది. ఇద్దరినీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే న్యాయవిద్యార్థిని వేసిన కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. తీర్పు చెప్పిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఆ తీర్పు మాటను మూడు మెట్లుగా విడదీసింది. ఒక విషయాన్ని చర్చించడం, దాన్ని సమర్థించి ప్రచారం చెయ్యడం, దానికోసం జనాన్ని ఉసిగొల్పడం. మొదటి రెండూ ఎంత రుచించకపోయినా భావస్వాతంత్ర్యంలోనివే. ఉసిగొల్పడం దగ్గరికి వచ్చినప్పుడే ప్రభుత్వం చెయ్యి వెయ్యాలి. నేను చదివినంతలో ఇంతకన్నా పనికొచ్చే కొలబద్ద నాకు కనిపించలేదు. చిత్రమేమిటంటే, కొట్టేసిన ఆ సెక్షన్ కింద పోలీసులు ఇంకా కేసులు రాస్తున్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే ఆశ్చర్యపోవలసి వచ్చింది.

అదే తీర్పు 69ఎ సెక్షన్‌ను నిలిపింది. దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాల మీద ఒక రాతను దేశంలో కనిపించకుండా ఆపించే అధికారం కేంద్రానికి దాని కింద ఉంది. కారణాలు రాతపూర్వకంగా ఉండాలన్నారు, బాగుంది. కాని 2009లో చేసిన నియమాల్లో 16వది ఆ ఫిర్యాదులనూ వాటి మీద తీసుకున్న చర్యలనూ రహస్యంగా ఉంచమంటుంది. కారణం ఉంది, కాని సంబంధించినవాడికి కనిపించకపోవచ్చు. సంతకం ఉంది, కాని బీరువాలో ఉంది.

నాకు ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈ సంతకం సంగతే. ఒక ఉదాహరణ చెబుతాను. నేను పనిచేసే హొసూరు వైపు ఒక చిన్న హోటలు యజమాని ఖాతాను కొంతకాలం కిందట నిలిపివేయవలసి వచ్చింది. ఎక్కడో వేరే రాష్ట్రంలో సైబర్ మోసం జరిగింది. ఆ డబ్బు చేతులు మారి మారి, అందులో కొన్ని వందలు ఈయన హోటల్లో టిఫిను బిల్లుగా వచ్చి పడ్డాయి. అక్కడి పోలీసుల నుంచి మాకు నోటీసు వచ్చింది. ఆయన కౌంటరు దగ్గర నిలబడి, “నేనేం తప్పు చేస్తిని సార్? ఎవురో వచ్చి ఇడ్లీ తినిరి, దుడ్లు ఫోన్‌లో వేసిరి. వాని మొగం గూడా నాకు జ్ఞాపకం లేదు” అన్నాడు. “నీది తప్పని నేను అనలేదన్నా. ఈ కాగితంలో కేసు నంబరుంది, ఆఫీసరు పేరుంది. దీనికి జవాబు రాద్దాం రా” అన్నాను. రాశాం. కొన్ని వారాలకు ఖాతా విడుదలైంది. ఆ కొన్ని వారాలూ ఆయన పడిన బాధ న్యాయమని నేను అనను. అయినా ఆయన చేతిలో ఒక నంబరుంది, ఒక పేరుంది, తట్టడానికి ఒక తలుపుంది. ఇదే ఒక వేదిక మీద ఆయన రాతనో ఖాతానో యంత్రం తీసేసి ఉంటే, ‘మీరు మా నియమాలను అతిక్రమించారు’ అన్న ఒక్క వాక్యం వచ్చేది. ఏ నియమం, ఏ మాట, ఎవరు చూశారు అని అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు.

మన దేశంలోనూ 2021 నియమాలు కంపెనీలను ఫిర్యాదుల అధికారిని పెట్టమన్నాయి. 2022లో పై అప్పీలు సంఘాలకు దారి వేశాయి. దారి వెయ్యడం మంచిదే. ఆ దారిలో మామూలు మనిషి తన భాషలో నడిచిపోగలిగినప్పుడే దానికి అర్థం.

ఇంత తతంగం పెడితే ఈలోపల ఊరు తగలబడదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. క్రైస్ట్‌చర్చ్‌లో 17 నిమిషాల్లో అంతా అయిపోయింది. 2012 ఆగస్టులో బెంగళూరులో ఈశాన్య రాష్ట్రాలవాళ్ళ మీద దాడులు జరగబోతున్నాయన్న పుకారు ఎస్‌ఎమ్‌ఎస్‌ల మీద పాకితే, రెండు మూడు రోజుల్లో వేలమంది మూటాముల్లె సర్దుకుని స్టేషనుకు పరుగెత్తారు. వాళ్ళను చేరవెయ్యడానికి రైల్వేవాళ్ళు గౌహతికి ప్రత్యేక రైళ్ళు నడిపారు. వదంతికి కోర్టు సెలవులు ఉండవు.

దీనికి ఐరోపావాళ్ళు చేసిన రెండు ప్రయత్నాలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఫ్రాన్సు 2020లో ఒక చట్టం చేసింది. తీవ్రవాదపు రాత అని అధికారి చెబితే గంటలో తీసెయ్యాలి. ఇతర విద్వేషపు రాతలను కంపెనీయే తేల్చుకుని 24 గంటల్లో తీసెయ్యాలి. ఆ దేశపు రాజ్యాంగ మండలి 2020 జూన్ 18న ఈ రెండింటినీ కొట్టివేసింది. గంటలో కోర్టుకు వెళ్ళే వ్యవధి ఎవరికీ ఉండదు, జరిమానాకు భయపడి కంపెనీలు తప్పు లేనివాటిని కూడా తీసేస్తాయి అన్నది దాని ఆలోచన. మరుసటి ఏడాది ఐరోపా సమాఖ్య తీవ్రవాద రాతల మీద చేసిన నిబంధన 2022 జూన్ 7 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులోనూ గడువు గంటే. కాని ఉత్తర్వులో కారణం రాయాలి, ఎవరిచ్చారో ఉండాలి. సాధారణంగా రాసినవాడికి తెలియజెయ్యాలి. కోర్టులో సవాలు చేసే దారి ఉండాలి. తీసేసిన రాతను ఆరు నెలలు భద్రపరచాలి. తప్పని తేలితే తిరిగి పెట్టాలి. పత్రికా రచనకు, పరిశోధనకు, కళకు చెందినవాటిని తీవ్రవాదంగా లెక్కించకూడదు. ఇది లోపం లేని చట్టమని కాదు. తొందర ఉన్నచోట కూడా సంతకం పెట్టించవచ్చునని మాత్రం ఇది చూపించింది.

బ్యాంకులో ఇటువంటిదే ఒక పద్ధతి ఉంది. అత్యవసరమైతే మేనేజరు తన అధికారానికి మించి ఒక మొత్తాన్ని మంజూరు చెయ్యవలసి రావచ్చు. చేస్తాడు. కాని వెంటనే పై ఆఫీసుకు రాసి, ఎందుకు చేశాడో చెప్పి ఆమోదం తెచ్చుకోవాలి. రాకపోతే జవాబు చెప్పుకోవాలి. మంట రేగుతున్నప్పుడు యంత్రం ఒక దృశ్యాన్ని ఆపితే నేను తప్పుపట్టను. మర్నాటికైనా ఒక మనిషి దాన్ని చూసి, ఆపడం సరే లేక సరి కాదు అని రాసి కింద పేరు పెట్టాలంటాను.

భద్రపరచడం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. కాగితపు లెడ్జర్ల రోజుల్లో మాకు మొదట నేర్పిన పాఠం, తప్పు పడిన అంకెను గోకకూడదని. ఎర్ర సిరాతో ఒక గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొడి సంతకం చెయ్యాలి. కింద పాత అంకె కనిపిస్తూ ఉండాలి. తీవ్రవాదాన్ని తుడిచేసే హడావుడిలో 2017లో యూట్యూబ్ యంత్రాలు సిరియా యుద్ధంలో జరిగిన అత్యాచారాలను జనం తీసి దాచుకున్న వీడియోలను కూడా పెద్దయెత్తున తీసేశాయి. అదే ఏడాది ఆగస్టు 15న అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానం లిబియా సైనికాధికారి మహమూద్ అల్ వెర్ఫాలీ మీద వారంటు జారీ చేసింది. ఆ వారంటుకు ముఖ్యమైన ఆధారం సామాజిక మాధ్యమాల్లో కనిపించిన హత్యల వీడియోలే. జనం కళ్ళ ముందు నుంచి తియ్యడం వేరు, లోకంలోంచే చెరిపెయ్యడం వేరు. రెండోది చేస్తే హంతకుడికి సాయం చేసినట్టు.

నా బ్యాంకు పోలిక ఒకచోట ఆగిపోతుంది. అది కూడా చెప్పాలి. పది రూపాయల నోటు ఎవరి చేతిలో ఉన్నా పది రూపాయలే. మాట అలా కాదు. మా వైపు అవ్వ మనవణ్ణి పట్టుకుని “కాళ్ళు ఇరగ్గొడతా”, “తోలు ఒలుస్తా” అంటుంది. ఆ వెంటనే వాడి నోట్లో ముద్ద పెడుతుంది. యంత్రానికి అందులో రెండు బెదిరింపులు కనిపిస్తాయి. అదే “వాళ్ళను వాళ్ళ ఊరికి మర్యాదగా పంపించేద్దాం” అన్న వాక్యంలో యంత్రానికి ఏ తప్పూ కనిపించదు. తరతరాలుగా ఒక చోట కాపురమున్నవాళ్ళకు ఆ వాక్యం ఎంత భయం కలిగిస్తుందో విన్నవాళ్ళకే తెలుసు. 1991 డిసెంబరులో కావేరి అల్లర్లప్పుడు బెంగళూరులో తమిళులకు అది అనుభవమే.

మన మాట అచ్చుపుస్తకాల తెలుగు కాదు. హొసూరులో తమిళం, కన్నడం కలిసిన తెలుగు. గంజాంలో ఒడియా కలిసినది, షోలాపూరులో మరాఠీ కలిసినది. కోట్లమంది మాట్లాడే తెలుగునే ఈ కంపెనీల యంత్రాలు ఎంతవరకు అర్థం చేసుకుంటాయన్నది ఒక ప్రశ్న అయితే, అందులోనూ అంచున ఉన్న మన మాట సంగతి చెప్పనక్కర్లేదు. మన మీద విషం కక్కితే కనిపెట్టలేరు, మనం సరసమాడితే పట్టుకుంటారు. బర్మాలో పప్పుకు పట్టిన గతే మన మాటకూ పట్టవచ్చు. అందుకే, ఒక భాషలో వ్యాపారం చేసి ప్రకటనల డబ్బు తీసుకునే కంపెనీ ఆ భాషను దాని యాసలతో సహా తెలిసిన మనుషులను జీతమిచ్చి పెట్టుకోవాలని చట్టంలో ఉండాలి. ఇది దయ కాదు, వ్యాపారం ఖర్చు. శాఖ తెరిచినచోట ఆ ఊరి మాట వచ్చిన గుమాస్తాను పెట్టుకోవడం బ్యాంకు చేసే దానం కాదు గదా.

మన పత్రికలాంటి చిన్న పత్రిక కూడా ప్రతి సంచికలోనూ ఒక మూల సంపాదకుడి పేరు, ప్రచురించినవారి పేరు, అచ్చువేసిన చోటు వేస్తుంది. ఎవరూ చదవని ఆ రెండు పంక్తులు 1867 నాటి చట్టం పెట్టిన అలవాటు. ఆ చట్టాన్ని చేసింది మన మేలు కోరి కాదు, మన పత్రికల మీద కన్ను వెయ్యడానికే. అయినా దానివల్ల ఒక మంచి మిగిలింది. అచ్చయిన ప్రతి మాటకూ పూచీపడే మనిషి ఒకడున్నాడు. కోట్లమందికి మాటలు చేరవేసే కంపెనీకి, వాటిని ఆపించే అధికారికి అంతపాటి పూచీ ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను. అడగవలసింది కూడా ముందు మనబోటివాళ్ళే. ఎక్కువమంది ఉన్నచోట తప్పు జరిగితే నలుగురూ అరుస్తారు, దిద్దుకుంటుంది. తక్కువమందికి అన్యాయం జరిగితే, దాన్ని చూపించడానికి ఆ కాగితమూ, దాని కింద ఆ పేరూ తప్ప ఇంకేం ఉండవు.